పదో తరగతితో ఆగిపోయే ఆట

మా హైస్కూల్లో ఖోఖో కోర్టుకి గీతలు ముగ్గుపిండితోనే వేసేవాళ్లం. లాంగ్ బెల్లు కొట్టగానే పోల్ పక్కన చెప్పుల కుప్ప, పీఈటీ సారు విజిల్. జిల్లా సెలక్షన్స్ దాకా వెళ్లిన జట్టు మాది, పన్నెండు మందిమి. పదో తరగతి అయ్యాక ఆట వదలని వాడు ఒక్కడే. ఫోన్లు వచ్చి పిల్లలు ఆటలు మానేశారంటారు గానీ, అప్పుడు మా చేతుల్లో ఫోన్లెక్కడివి?

అసలు సంగతి 1969లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల ఇంటర్ వచ్చింది అప్పుడే, 1971లో దానికి వేరే బోర్డు పెట్టారు. పక్కనున్న తమిళనాడులో పదకొండు, పన్నెండు తరగతులు హయ్యర్ సెకండరీ స్కూల్లోనే ఉంటాయి, మనకేమో పది అవగానే బడే మారిపోతుంది. పదిహేనేళ్లంటే అండర్-17లో ఇంకా ఆడాల్సిన వయసు, సరిగ్గా అప్పుడే గ్రౌండూ, సారూ, కలిసి ఆడే దోస్తులూ అన్నీ ఒకేసారి పోతే పిల్లాడు ఎవరితో ఆడాలి?

పైగా 1986లో ఎంసెట్ వచ్చింది. ర్యాంకుల కోసం రెసిడెన్షియల్ కాలేజీలు పుట్టుకొచ్చాయి, వాటిలో చాలావాటికి అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగే క్యాంపస్. స్పోర్ట్స్ కోటా ఉందిగా అంటారు, ఇంజినీరింగ్‌లో అది అర శాతం, అంటే రెండొందల సీట్లకి ఒకటి. దాని కోసం కొడుకు స్టడీ అవర్స్ వదిలించే తండ్రిని నేనైతే చూడలేదు. పుల్లెల గోపీచంద్ కూడా ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌లో ఫెయిలయ్యాననీ, అన్నయ్యకేమో ఐఐటీలో సీటొచ్చిందనీ ఆయనే చెప్పుకున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచింది ఆ ఫెయిలైన తమ్ముడే!

అమ్మాయిల సంగతి వేరు, వాళ్లు పది దాకా కూడా ఆగరు. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో, పెద్దమనిషి అయ్యాక, షార్ట్స్ ఏంటని ఇంట్లో మొదలవుతుంది. పక్క జిల్లాలో పోటీలంటే తోడు ఎవరెళ్తారు, అక్కడ బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, పీరియడ్స్ వస్తే ఎలా, ఇవన్నీ మగ పీఈటీ సారుతో చెప్పుకోలేక ఏ కడుపునొప్పో అని చెప్పి మానేసిన వాళ్లు మా క్లాసులోనే ఉన్నారు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. హకీంపేటలో, కడపలో స్పోర్ట్స్ స్కూళ్లున్నాయి, తిండీ చదువూ గ్రౌండూ ఒకే కాంపౌండ్‌లో. 2018లో ఖేలో ఇండియా కింద ఎంపికైన పిల్లలకి ఏటా 5 లక్షల చొప్పున 8 ఏళ్ల సాయం అన్నారు. మంచిదే. కానీ అవి అప్పటికే మెరిసిన పిల్లలకి, జిల్లా దాకా వచ్చి ఆగిన వాడికి కాదు. విద్యా హక్కు చట్టం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే వ్యాయామం నేర్పే మనిషిని పెట్టమంది, అదీ పార్ట్‌టైమ్!

మా జట్టులో మిగిలిన ఆ ఒక్కడు మాకంటే గొప్ప ఆటగాడేం కాదు. వాడు చేరిన గవర్నమెంటు జూనియర్ కాలేజీ మా హైస్కూల్ గోడ అవతలే ఉంది. నాలుగింటికి గోడ దూకి మా పాత కోర్టుకే వచ్చేవాడు.