కార్బురేటర్‌కు కిట్ చాలా, కొత్తది కావాలా?

1994 నాటి మారుతి 800 ఉన్న రాజోలు పాఠకుడొకరు అడిగారు: ఒక మెకానిక్ కిట్ (గ్యాస్కెట్లు, నీడిల్ లాంటి చిన్న భాగాల పొట్లం) వేస్తే చాలంటున్నాడు, ఇంకొకరు కార్బురేటరే మార్చాలంటున్నారు, ఎవరి మాట వినాలి? కారు వయసు చూసి జవాబు చెప్పే ప్రశ్న కాదిది. ఇంజిన్‌కు వెళ్లే గాలిలో పెట్రోలును కొలిచి కలిపే కార్బురేటర్ అంటే కొలత తప్పకుండా చేసిన కొన్ని రంధ్రాలు, దారులు. ఆ కొలతలు నిలిచి ఉంటే బాగుచేయించండి. అవి చెడిపోతే ఏ కిట్టూ కాపాడదు.

అది పనిచేసే తీరును కళ్లతో చూడాలంటే కాలువలకు నీళ్లు వదిలిన రోజుల్లో డెల్టాలోని ఏ పాత వంతెన దగ్గరకైనా వెళ్లండి. నీరు ఖానాల్లోకి దూరేచోట వెడల్పు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. అద్భుతం ఏమిటంటే, ఆ ఇరుకులో నీటిమట్టం కిందికి దిగుతుంది! సెకనుకు అర మీటరు వేగంతో వచ్చే నీరు ఖానాలో ఒక మీటరు వేగం అందుకుంటే మట్టం దాదాపు 4 సెంటీమీటర్లు తగ్గుతుంది. వేగాన్ని కొనుక్కోవడానికి నీరు తన ఎత్తులో కొంత చెల్లించింది. బెర్నౌలీ 1738లో ప్రచురించిన సూత్రం ఇదే. ఇరుకు గొట్టాల్లో ప్రవాహం గురించి వెంచురీ 1797లో రాశాడు. పాఠాల్లో దీన్ని విమానం రెక్క బొమ్మతో మొదలుపెడతారు. కోనసీమ పిల్లలకైతే ఒక పూట వంతెన మీద నిలబెట్టి చెప్పాలి, జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు ఖానా గోడలో చిన్న తూము పెట్టి, దాన్ని పక్కనే కాలువ మట్టానికి నిండిన గుంటతో కలపండి. ఖానాలో మట్టం తక్కువ కాబట్టి గుంటలోని నీరు తనంతట తానే అటు పారుతుంది. కార్బురేటర్‌లో గాలి పోయే ఇరుకు గొంతే ఆ ఖానా, పెట్రోలు దూరే సన్నని రంధ్రమైన జెట్టే ఆ తూము, పెట్రోలు నిలిచే ఫ్లోటు గిన్నే ఆ గుంట. గాలి మట్టం కంటికి కనిపించదు, ఎత్తుకు బదులు పీడనం తగ్గుతుంది. గొంతులో గాలి సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతే తగ్గే పీడనం ఐదున్నర సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. 60 మీటర్లయితే 22 సెంటీమీటర్లు. ఇంత చిన్న తేడాతో పెట్రోలు కొలిచి పోయాలి! గిన్నెలోని పెట్రోలును పైకి తోసేది బయటి గాలి బరువే. అందుకే గిన్నెకు గాలి అందించే సన్నని రంధ్రంలో పురుగు గూడు పెట్టినా ఇంజిన్ ఆగిపోతుంది.

తూముకు గుర్రపుడెక్క అడ్డుపడితే తీసేయవచ్చు. జెట్‌లో పేరుకున్న జిగురూ అంతే, ద్రావకంలో నానబెట్టి గాలి కొట్టిస్తే పోతుంది. తీగ మాత్రం పెట్టి పొడవకూడదు. ఒక మిల్లీమీటరు రంధ్రం 1.05 మిల్లీమీటర్లయితే వైశాల్యం 10 శాతం పెరుగుతుంది, పెట్రోలు ఖర్చూ దాదాపు అంతే పెరుగుతుంది. ఫలానా మెకానిక్ హస్తవాసి మంచిదని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన జెట్‌లో తీగ పెట్టడు, అదే ఆ హస్తవాసి.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రెండు చిక్కులు తెచ్చింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. పాత జెట్ పాత లెక్కనే పోస్తుంది కాబట్టి ఇంజిన్‌కు ఇంధనం కొరత పడుతుంది. రెండోది, ఇథనాల్ తేమను లాగుతుంది. సముద్రపు గాలిలో నెలల తరబడి కారు కదలకపోతే నీరు, ఇథనాల్ కలిసి గిన్నె అడుగుకు దిగుతాయి. గిన్నె లోపల తెల్లని పొడి కనిపిస్తే గోటితో గీకి చూడండి. కింద లోహం నున్నగా ఉంటే భయం లేదు. గుంటలు పడి, అవి గిన్నెలోకి వచ్చే పెట్రోలును ఆపే నీడిల్ కూర్చునే చోటుకో, అతుకును మూసే గ్యాస్కెట్ అంచుకో చేరితే అది మార్చాల్సిన కార్బురేటరే. గోదావరి వరదలో మునిగిన కారులోని ఒండ్రుకు మాత్రం బెదరకండి, వెంటనే విప్పి కడిగితే అది పోతుంది.

అసలు పరీక్ష థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) ఇరుసు దగ్గర ఉంది. ఇంజిన్ ఆపి, ఆ ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. గడగడ ఆడితే, ఖానా దాటాక కాలువ గట్టుకు గండి పడిందన్నమాట. అక్కడ దూరే గాలి గొంతులోంచి రాలేదు కాబట్టి తన వంతు పెట్రోలు వెంట తెచ్చుకోదు. స్లో స్పీడు నిలవదు, స్క్రూ ఎంత తిప్పినా కుదురు రాదు. చాలామంది ఈ లోపానికే కిట్ మీద కిట్ వేయిస్తారు. లేత్ పని తెలిసినవారు ఇరుసు తిరిగే రంధ్రానికి బుష్ (లోహపు తొడుగు) వేయగలరు. అది దొరక్కపోతే కొత్తది కొనండి.

రాజోలు మిత్రుడి ఇరుసు బిగువుగానే ఉందట, గిన్నెలో గుంటలూ లేవట. అయితే కిట్ చాలు. కొత్త కార్బురేటర్ కొనేవారు జెట్ మీద రంధ్రం సైజు చెప్పే అంకె పాతదానితో సరిపోయిందో లేదో అంగట్లోనే చూసుకోండి. చౌక నకళ్లలో ఆ అంకెను కూడా నమ్మలేం, అందుకే పాత జెట్లను పారేయకుండా దాచండి.