వారెంటు గోదావరి దాటుతుంది, జామీను దాటదు

గోదావరికి ఆ ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వరం, ఈ ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ. రెండు వైపులా తెలుగే, వియ్యాలూ అటూ ఇటూనే. కాబట్టి గడ్చిరోలి జిల్లా కోర్టులో బెయిలొచ్చిన మనిషికి మేనమామో బావమరిదో తెలంగాణ నుంచి వచ్చి జామీను (పూచీ) నిలబడతానంటాడు. కోర్టువాళ్లు అతని పట్టాదారు పాసుపుస్తకం తిరగేసి, "ఇక్కడి సాత్‌బారా (మహారాష్ట్ర భూమి పత్రం) ఉన్నవాణ్ణి తెండి" అంటారు. బెయిలు కాగితం చేతిలో ఉన్నా మనిషి జైల్లోనే ఉండిపోతాడు.

ఒకప్పుడు ఈ నది నిజంగానే రెండు రాజ్యాల హద్దు. 1860లో సిరొంచ ప్రాంతం నిజాం నుంచి బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది. 1867లో నేరస్థుల అప్పగింతకు ఇద్దరూ ఒప్పందం రాసుకున్నారు. 1903 అప్పగింత చట్టం వచ్చాక, నిజాం ఇలాకాలో నేరం చేసి సిరొంచకు పారిపోయినవాణ్ణి పట్టాలంటే హైదరాబాదులోని బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంటు, సిరొంచ ఉన్న చాందా జిల్లా మేజిస్ట్రేటు పేర వారెంటు పంపాలి. అదీ షెడ్యూలుకెక్కిన నేరాలకే. హద్దును ఎంత గట్టిగా పట్టించుకునేవారంటే, సిమ్లా మేజిస్ట్రేటు వారెంటుతో నిజాం ఇలాకాలోని రైల్వే స్టేషన్లో ఒకతన్ని పట్టుకుంటే ఆ అరెస్టు చెల్లదని 1897లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అప్పటి పై కోర్టు, తేల్చింది. రైలు పట్టాల మీద బ్రిటిష్ అధికారం రైల్వే వ్యవహారాల మేరకేనంది.

1948లో హైదరాబాదు కలిసింది. 1951 ఏప్రిల్ 1 నుంచి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అక్కడా అమలైంది. అంతటితో రాష్ట్రాల మధ్య 'అప్పగింత' అనే మాటకు పని లేకుండా పోయింది. ఏ కోర్టు వారెంటైనా దేశమంతా చెల్లుతుంది.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సిరొంచ కోర్టు తన వారెంటును భూపాలపల్లి ఎస్పీకి పోస్టులో పంపొచ్చు (సెక్షన్ 80), లేదా కానిస్టేబులుకిచ్చి పంపొచ్చు (81). కానిస్టేబులు వెళ్తే అక్కడి మేజిస్ట్రేటు చేతనో, స్టేషన్ ఆఫీసరు చేతనో వెనుక సంతకం చేయించుకోవాలి. ఆలస్యమైతే మనిషి జారుకుంటాడనుకుంటే సంతకం లేకుండానే పట్టుకోవచ్చు. పట్టుకున్న చోటికి వారెంటిచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపుంటే నేరుగా అక్కడికే తీసుకుపోవచ్చు. కాళేశ్వరంలో దొరికినవాడి సంగతి అంతే, వంతెన దాటితే చాలు. దూరమైతే ముందు స్థానిక అధికారి ఎదుట హాజరుపరచాలి.

ముద్దాయి వాయిదాకు రాకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటుతో పాటు బాండు జప్తు మొదలవుతుంది (491). కోర్టు ముందు కారణాలు రాసి బాండు జప్తయిందని నమోదు చేయాలి. తర్వాత జామీనుదారుకు నోటీసివ్వాలి. నోటీసు లేకుండా డబ్బు కట్టమనడం కుదరదని సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. జవాబు నచ్చకపోతే పాతిక వేల బాండయినా జుల్మానాలాగే వసూలు చేస్తారు. కొంత తగ్గించే అధికారం కోర్టుకుంది, అడగనివాళ్లే ఎక్కువ. ఏ రకంగానూ వసూలు కాకపోతే జామీనుదారుకు ఆరు నెలల దాకా సివిల్ జైలు. రానందుకు ముద్దాయి మీద న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 269 కింద వేరే కేసు, ఏడాది దాకా శిక్ష.

పక్క రాష్ట్రంలో ఉన్న ఆస్తిని జప్తు చేయలేం కాబట్టి లోకల్ జామీను కావాలని ఒక వాదన. అది నిలవదు. ఆస్తి ఉన్న జిల్లా మేజిస్ట్రేటు సంతకం పెడితే బయటి ఆస్తినీ జప్తు చేసి అమ్మొచ్చని సెక్షన్ 462లోనే ఉంది, పాత కోడ్‌లోనూ ఉండేది. అసలు కారణం శ్రమ. తెలుగు పాసుపుస్తకం మరాఠీ గుమాస్తా చదవలేడు, పత్రాల వెరిఫికేషన్‌కు పక్క రాష్ట్రానికి రాయాలి, జవాబు ఎప్పుడొస్తుందో తెలీదు.

1978లో మోతీరామ్ కేసులో మధ్యప్రదేశ్ తాపీమేస్త్రీ ఒకాయనకు పదివేల జామీను అడిగి, అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని కొట్టేస్తూ, తెలుగువాడు బస్తర్‌లో పట్టుబడితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కణ్ణుంచి తెస్తాడని అడిగారు. ఆ బస్తర్ సిరొంచకు పక్కనే. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ, లోకల్ జామీనుకు పట్టుబట్టొద్దని సూచించింది. బాండు ఇవ్వలేక నెల దాటితే షరతులు సడలించే విషయాన్ని కోర్టే తనంతట తాను చూడొచ్చంది.

సరిహద్దులో జామీనుదారు ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. ముద్దాయి ఏ కరీంనగర్ జైల్లోనో మరో కేసులో ఉంటాడు. సిరొంచలో 'పరారీ' అని రాసుకుంటారు. జామీనుదారు ఆ జైలు నుంచి ధ్రువపత్రం తెచ్చి వాయిదాకు ముందే మెమో వేయాలి, జైల్లో ఉన్నవాణ్ణి కోర్టుకు రప్పించే పీటీ వారెంటు ఇప్పించమని అడగాలి. జప్తు ఉత్తర్వు వచ్చాక అయితే అదే కాగితంతో అప్పీలుకు పోవాల్సి వస్తుంది. నమ్మకం పోయినప్పుడు తప్పుకునే దారి సెక్షన్ 489: దరఖాస్తు పెడితే కోర్టు ముద్దాయికి వారెంటిస్తుంది, అతను హాజరయ్యాకే బాండు రద్దవుతుంది. అప్పటిదాకా పూచీ జామీనుదారుదే.