చిన్న యాప్‌కి ధర, ప్రచారం: అపోహలు – వాస్తవాలు

ఇంటింటికీ పాలు పోసేవాళ్లు లెక్క రాసుకునే చిన్న యాప్ ఒకటి నడుపుతున్నాను. గోడ క్యాలెండర్ గళ్లలో ‘అర’, ‘ఒకటి’ అని రాసుకునే లెక్కే ఫోన్లోకి వచ్చింది. కొత్తగా యాప్ చేసినవాళ్లు నాతో అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: ముందు ఉచితంగా ఇద్దాం, జనం అలవాటు పడ్డాక ధర పెడదాం.

వాస్తవం: ప్లే స్టోర్‌లో ఒకసారి ఉచితంగా పెట్టిన యాప్‌ని తర్వాత కొనుక్కునే యాప్‌గా మార్చనివ్వరు. కొత్త ప్యాకేజీ పేరుతో (స్టోర్ ఒక్కో యాప్‌ని గుర్తుపట్టే పేరు అది) మరో యాప్ పెట్టాల్సిందే. పాత డౌన్‌లోడ్లు, రివ్యూలు పాతదాంతోనే ఉండిపోతాయి.

ఉచిత యాప్ లోపల కొనుగోళ్లు పెట్టుకోవచ్చు. నేను దెబ్బతిన్నది అక్కడే. అన్నీ ఉచితంగా ఇచ్చి, ఏడాది తర్వాత నెల బిల్లు వాట్సాప్‌లో పంపే సదుపాయానికి డబ్బులు అడిగాను. ఒక పెద్దాయన ఫోన్ చేసి, “ఇచ్చింది లాక్కుంటే ఎట్లా బాబూ?” అన్నారు. ఆ మాట న్యాయమే. పాతవాళ్లందరికీ ఆ సదుపాయం మళ్లీ ఉచితంగా ఇచ్చేశాను. ఇప్పుడు ఇరవై ఇళ్ల వరకు ఉచితం, ఆపైన డబ్బులు అని మొదటి స్క్రీన్లోనే కనిపిస్తుంది. ఇరవై ఇళ్లు దాటాయంటే వ్యాపారం నడుస్తున్నట్టే, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

అపోహ: పది రూపాయలైతే ఎవరైనా కొంటారు.

వాస్తవం: 2015లో గూగుల్ మన దేశంలో ప్లే స్టోర్ యాప్‌ల కనీస ధరను 50 రూపాయల నుంచి 10కి తగ్గించింది. కానీ కొనేవాళ్లకి కష్టమనిపించేది మొదటి రూపాయి దగ్గరే. నమ్మకం కుదరాలి, పిన్ కొట్టాలి. పదికైనా వందకైనా ఆ పని ఒకటే.

మన వైపు లెక్క చూడండి. 2021 జులైలో గూగుల్ యాప్ అమ్మకాల్లో తాను తీసుకునే వాటాను ఏటా మొదటి 10 లక్షల డాలర్ల రాబడి వరకు 15 శాతానికి తగ్గించింది. ఆ లెక్కన పదిలో మనకొచ్చేది 8.50, అదీ పన్నులకు ముందు. ‘ఫోన్ మార్చాను, లెక్కలు కనబడట్లేదు’ అని వచ్చే ఒక్క కాల్‌కే పావుగంట పడుతుంది.

ఎంత ఇస్తారని అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. ‘పోయిన నెల లెక్కలో ఎంత తేడా వచ్చింది?’ అని అడగండి. రెండు లీటర్లు లెక్క తప్పితే వంద రూపాయలకు పైనే పోయినట్టు. నా ధర ఏడాదికి 299 అయింది ఆ జవాబుల వల్లే.

అపోహ: నెలనెలా దానంతటదే కట్ అయ్యే చందాయే మేలు.

వాస్తవం: 2021 అక్టోబర్ 1 నుంచి అమలైన రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఆటో డెబిట్‌కి 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. మంచి నిబంధన. పైగా మా యాప్ వాడేవాళ్లు రీఛార్జ్‌కి అలవాటు పడ్డవాళ్లు, అడక్కుండా డబ్బులు పోతే టెన్షన్ పడతారు. ప్లే స్టోర్‌లో ప్రీపెయిడ్ ప్లాన్లు (దానంతటదే కట్ అవకుండా, రీఛార్జ్‌లా ముందే కట్టేవి) ఉన్నాయి, అవి వాడండి.

అపోహ: తెలుగు యాప్ కాబట్టి వివరణ తెలుగులో రాస్తే చాలు.

వాస్తవం: స్టోర్ ఏ భాష వివరణ చూపించాలో యూజర్ పెట్టుకున్న భాషను బట్టి ఎంచుకుంటుంది. తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. అందుకే నేను రెండూ రాశాను. పేరుకి 30 అక్షరాలు, చిన్న వివరణకి 80 అక్షరాలే చోటు. అందులో మన గొప్పలు వద్దు, పాలవాళ్ల నోట వచ్చే మాటలు పెట్టండి.

అపోహ: ప్రకటనలకు డబ్బు లేకపోతే యాప్ బతకదు.

వాస్తవం: నా మొదటి యూజర్లు తెల్లవారుజామున ఐదింటికి పాల కేంద్రం దగ్గర దొరికారు. క్యాన్లు నిండేలోపు పది నిమిషాలు ఖాళీ ఉంటుంది. ఒకరికి చూపిస్తే పక్కవాళ్లు తొంగి చూస్తారు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోతోందో చూసి రెండు స్క్రీన్లు తీసేశాను.

అపోహ: మొదట్లో కొన్ని రివ్యూలు కొనుక్కోక తప్పదు.

వాస్తవం: అది ప్లే స్టోర్ నిబంధనలకు విరుద్ధం, గూగుల్ వాళ్లు యాప్‌నే తీసేయొచ్చు. 2019 నుంచి ప్లే స్టోర్ రేటింగ్‌లో ఈమధ్య వచ్చినవాటికే బరువెక్కువ, కాబట్టి పాత తప్పు సరిదిద్దుకునే వీలుంది. అడిగే సమయం చూసుకోండి. ఒకటో తారీఖున పాలు పోస్తూ ఉండగా అడగకూడదు. బిల్లులన్నీ పంపేశాక అడిగితే రాస్తారు.