తెలిసే తిన్నారు కదా అంటే సరిపోతుందా?

2002లో న్యూయార్క్‌లో ఇద్దరు అమ్మాయిల తరఫున వాళ్ల పెద్దవాళ్లు మెక్‌డొనాల్డ్స్ మీద దావా వేశారు. ఆ కంపెనీ తిండి తినీ తినీ పిల్లలకు ఊబకాయం వచ్చిందని, దాని వల్ల కలిగే హానిని కంపెనీ సరిగా చెప్పలేదని వాళ్ల వాదన. చాలామంది ఎగతాళి చేశారు. తిన్నది మీరైతే తప్పు అమ్మినవాడిదా అన్నారు. 2003లో జడ్జి రాబర్ట్ స్వీట్ దావా కొట్టేశారు. ఇలాంటి తిండి అతిగా తింటే మంచిది కాదని అందరికీ తెలుసు, తెలిసి అతి చేసేవాళ్లను కాపాడడం చట్టం పని కాదు అన్నది తీర్పు సారాంశం. ఆ మరుసటి ఏడాది అమెరికా ప్రతినిధుల సభ ఇలాంటి కేసులు అసలు వేయకుండా ఒక బిల్లు కూడా ఆమోదించింది. సెనేట్‌లో అది ముందుకు సాగలేదు కానీ, చాలా రాష్ట్రాలు సొంతంగా అలాంటి చట్టాలు చేసుకున్నాయి.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. నా దృష్టిలో అసలు విషయం అదే. చికెన్ మెక్‌నగెట్స్ అంటే పెనం మీద వేయించిన కోడిమాంసం కాదని, ఇంట్లో వంట చేసేవాళ్లు వాడని పదార్థాలెన్నో కలిపి చేసిన 'మెక్‌ఫ్రాంకెన్‌స్టీన్' (ఫ్రాంకెన్‌స్టీన్ కథలో ముక్కలు అతికించి తయారుచేసిన వింతజీవిలాంటిది) అని జడ్జి రాశారు. ప్రాసెసింగ్ వల్ల, అంటే ఫ్యాక్టరీలో తయారుచేసే తీరు వల్ల, ఒక తిండి మామూలు మనిషి ఊహించేదానికన్నా హానికరంగా మారిందని చూపించగలిగితే అప్పుడు లెక్క వేరని కూడా ఆయన అన్నారు. అంటే ప్రశ్న అమ్మాయిల బుద్ధి గురించి కాదు, తిండి తయారీ గురించి.

ఆ ప్రశ్నకు కొలతలతో జవాబు రావడానికి 2019 దాకా పట్టింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉంచింది. రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండిన తిండి. రెండిట్లోనూ ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు దాదాపు సమానం. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్డ్ తిండి రోజుల్లో వాళ్లు సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో సుమారు 900 గ్రాములు పెరిగారు. రెండో రకం తిండిలో ఇంచుమించు అంతే తగ్గారు.

నన్ను ఆపేసింది ఇంకొకటి. ఏది బాగుందని అడిగితే వాళ్లు రెండిటికీ దాదాపు ఒకే మార్కులు వేశారు. కాబట్టి నోరు కట్టుకోలేక తిన్నారు అనడానికి లేదు. ప్రాసెస్డ్ తిండిని వాళ్లు వేగంగా తిన్నారు. అది మెత్తగా ఉంటుంది, నమిలే పని తక్కువ, ఒక్కో ముద్దలో కేలరీలు ఎక్కువ. కడుపు నిండిందన్న కబురు పేగుల్లోని హార్మోన్ల ద్వారా మెదడుకు చేరడానికి కొంత సమయం కావాలి. ఆ లోపే ప్లేటు ఖాళీ. తింటున్నవాళ్లకు ఎక్కువ తింటున్నామని తెలియనే తెలియదు. ఇరవై మంది చిన్న సంఖ్యే, ప్రాసెస్డ్ తిండి అంతా ఫాస్ట్‌ఫుడ్ కూడా కాదు. అయినా 'తెలిసే తిన్నారు' అనే వాదనకు పునాది ఇక్కడే కదిలిపోతుంది.

డబ్బు సంగతీ చూడాలి. ఆ ప్రయోగంలో రోజుకు 2000 కేలరీల లెక్కన వారానికి సరిపడా ప్రాసెస్డ్ తిండికి 106 డాలర్లయితే, రెండో రకానికి 151 డాలర్లు. వండే సమయం దీనికి అదనం. ఇక జన్యువుల వల్ల కొందరికి బరువు తేలిగ్గా పెరుగుతుంది. ఇవన్నీ పక్కనపెట్టి పద్నాలుగేళ్ల పిల్లను 'నీకు మనోబలం లేదు' అనడం అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

బ్రిటన్ వేరే దారి పట్టింది. తాగేవాళ్లకు నీతులు చెప్పడం కాకుండా, 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, ఆపైన చక్కెర ఉన్న కూల్‌డ్రింకుల మీద కంపెనీల దగ్గరే పన్ను వేస్తామని 2016లో ప్రకటించింది. 2018 ఏప్రిల్‌లో అది అమల్లోకి వచ్చేలోపే చాలా కంపెనీలు చక్కెర తగ్గించేశాయి. జనం మనోబలం రాత్రికి రాత్రి పెరగలేదు, సీసాలో ఉన్నది మారింది. ఇంగ్లండ్‌లో 10, 11 ఏళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం, పన్ను లేకపోతే ఉండేదానికన్నా సుమారు 8 శాతం తక్కువగా ఉందని 2023లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు. ఆ పన్ను కూల్‌డ్రింకులకే పరిమితం. బర్గర్లు, నగెట్లు దాని కిందికి రావు.