డ్రయ్యర్ ఆరబెట్టడం లేదంటే ముందు గాలి దారి చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికా వచ్చి కొత్తగా ఇల్లు తీసుకున్న మీలో చాలామంది నన్ను అడిగే మాట ఒకటుంది. "పెద్దనాన్నా, డ్రయ్యర్ గంటన్నర తిరిగినా జీన్స్ ఇంకా తడిగానే ఉంటున్నాయి, కొత్తది కొనేయాలా?" తొందరపడి కొనకండి. చాలాసార్లు మెషిన్ బాగానే ఉంటుంది. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా అందరికీ కలిపి రాస్తున్నాను.

బట్టల్ని ఆరబెట్టేది వేడి ఒక్కటే కాదు. వేడి నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరిని బయటికి మోసుకుపోవాల్సింది గాలి. మన కోస్తాలో ముసురు పట్టిన రోజు ఎంత ఉక్కగా ఉన్నా దండెం మీద బట్టలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటాయి. పొడిగాలి వీస్తే మాత్రం ఎండ లేకపోయినా ఆరిపోతాయి. డ్రమ్ములోనూ అదే జరుగుతుంది. తడిగాలి పోయే దారి మూసుకుపోతే బట్టలు వేడెక్కుతాయి గానీ ఆరవు. తలుపు తీయగానే బట్టలు కాలుతున్నంత వేడిగా, తడిగా చేతికి తగిలితే గాలి ఆడటం లేదన్నమాటే.

అందుకని ముందు ఇంటి బయటికి వెళ్లండి. డ్రయ్యర్ గొట్టం గోడలోంచి బయటికి వచ్చేచోట రెక్కలాంటి మూత ఉంటుంది. మెషిన్ తిరుగుతున్నప్పుడు అది బాగా తెరుచుకోవాలి, చెయ్యి పెడితే వెచ్చటి గాలి జోరుగా తగలాలి. మూత కొంచెమే కదులుతున్నా, అసలు కదలకపోయినా అడ్డు ఎక్కడో దారిలో ఉంది. అక్కడ పిట్టలు గూడు కట్టడం మామూలే. పిట్టలు రాకుండా ఎవరైనా సన్నని జాలీ బిగించారేమో చూడండి. దానికి నూగు పట్టుకుని అదే పెద్ద అడ్డవుతుంది, అందుకే అక్కడ జాలీ పెట్టకూడదని ఇక్కడి నిర్మాణ నియమాలు చెబుతాయి.

తర్వాత లింట్ ఫిల్టర్, అంటే బట్టల నూగు పట్టే జల్లెడ. ప్రతి లోడుకీ ముందు నూగు తీయాలని మీకు తెలుసు. చాలామంది గమనించనిది ఇంకొకటుంది. వాసన కోసం వేసే డ్రయ్యర్ షీట్ల నుంచి కంటికి కనపడని జిడ్డు పొర ఆ జల్లెడకి పట్టేస్తుంది. ఫిల్టర్ తీసి కుళాయి కింద పట్టండి. నీళ్లు కిందికి దిగకుండా పైన నిలిచాయంటే గాలి కూడా అలాగే ఆగుతోంది. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువ తంటా తెచ్చేది వెనకాల గొట్టం. మెషిన్‌ని గోడకి ఆనించి తోసేస్తే అది నలిగిపోతుంది. రేకు కాగితంలాంటి మడతల గొట్టమైతే ప్రతి మడతలోనూ నూగు చేరుతుంది. నాలుగంగుళాల నున్నటి లోహపు గొట్టం మేలు. ఇక్కడి ఇళ్ల నియమాల ప్రకారం మామూలుగా దాని పొడవు 35 అడుగులు దాటకూడదు, 90 డిగ్రీల మలుపు ఒక్కొక్కదానికీ అందులో 5 అడుగులు తగ్గించుకోవాలి. మూడు మలుపులుంటే మిగిలేది 20 అడుగులే. గొట్టాలు కలిపేచోట మొన లోపలికి వచ్చేలా స్క్రూలు బిగించకూడదు, ఆ మొనలకే నూగు చిక్కుకుంటుంది. శుభ్రం చేయడానికి పొడుగాటి కడ్డీల బ్రష్‌లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. ముందు ప్లగ్ తీయండి.

దీన్ని బద్ధకించి వదిలేయొద్దు, గట్టిగా చెబుతున్నాను. 2008–2010 లెక్కల ప్రకారం అమెరికా ఇళ్లలో ఏటా సుమారు 2,900 అగ్నిప్రమాదాలు డ్రయ్యర్ల వల్లే జరిగాయని ఇక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం చెప్పింది. శుభ్రం చేయకపోవడమే వాటికి ముఖ్యకారణం. నూగు ఇట్టే అంటుకుంటుంది. ఇంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడూ, పడుకునేటప్పుడూ డ్రయ్యర్ వేయకండి.

గాలి బాగా వస్తోంది గానీ చల్లగా ఉందా? కరెంటు డ్రయ్యర్ అయితే బ్రేకర్ చూడండి. డ్రమ్ము తిప్పే మోటారుకి 120 వోల్టులు చాలు, వేడి పుట్టడానికి 240 కావాలి. రెండు లైన్లలో ఒకటి పోతే డ్రమ్ము తిరుగుతూనే ఉండొచ్చు, వేడి మాత్రం రాదు. జంట బ్రేకర్‌ని పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. మళ్లీ పడిపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. బ్రేకర్ బాగుంటే థర్మల్ ఫ్యూజ్, అంటే వేడి మితిమీరితే కరెంటు ఆపేసే చిన్న భాగం, పోయి ఉండొచ్చు. అది చవకే. కాకపోతే గొట్టం మూసుకుపోయి లోపల వేడి ఎక్కువైతేనే అది తరచుగా పోతుంది. గొట్టం శుభ్రం చేయకుండా ఫ్యూజ్ మారిస్తే కొత్తదీ పోతుంది.

ఇంకో రకం ఇబ్బంది ఉంది. బట్టలు ఆరగానే తనంతట తాను ఆగే ఆటోమేటిక్ పద్ధతిలో పెడితే తడిగానే ఆగిపోతుంది, టైమ్ పెట్టి తిప్పితే బాగా ఆరుతుంది. అలా అయితే డ్రమ్ము లోపల సన్నని రెండు లోహపు పట్టీలు వెతకండి, అవే తడిని కనిపెట్టే సెన్సర్. వాటి మీద కూడా ఆ షీట్ల జిడ్డే పేరుకుంటుంది. రబ్బింగ్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బట్టలు వాషర్‌లోంచే నీళ్లు కారుతూ వస్తుంటే తప్పు డ్రయ్యర్‌ది కాదు, వాషర్ స్పిన్ చూసుకోండి. దుప్పట్లనీ పల్చటి చొక్కాలనీ కలిపి కుక్కకండి.

మీది గ్యాస్ డ్రయ్యరైతే ఉన్నచోటి నుంచి జరపకండి, గాలి బయటికి పోయే గొట్టం ఊడదీసి అస్సలు నడపకండి. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి వచ్చేసి అక్కడి నుంచి ఫోన్ చేయండి.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు గోడలోపలి గొట్టం జోలికి వెళ్లొద్దు, మెయింటెనెన్స్ వాళ్లకి చెప్పండి. "డ్రయ్యర్ పాడైంది" అని రాస్తే మెషిన్ తిరుగుతోందని చూసి వెళ్లిపోతారు. "బయటి మూత తెరుచుకోవడం లేదు, గొట్టం శుభ్రం చేయించండి" అని ఫోటోతో సహా రాయండి.

ఇట్లు,
మీ పెద్దనాన్న