పది సగటులు, ఒక్కటీ నలభై కాదు

హైటెక్ సిటీలో ఒక ఆఫీసు, అందులో ఐదుగురు అనుకోండి. సాయంత్రం ఇల్లు చేరడానికి కొండాపూర్‌లో ఉండే అమ్మాయికి 10 నిమిషాలు పడుతుంది. గచ్చిబౌలి అతనికి 20, కూకట్‌పల్లి ఆవిడకు 30, అమీర్‌పేట అతనికి 40, ఘట్‌కేసర్ దాకా పోయే పెద్దాయనకు 100. సగటు 40 నిమిషాలు. ఈ లెక్క తెలియని మనిషి వచ్చి, ఐదుగురిలో ఎవరో ఇద్దరిని అడిగి సగటు కడితే ఎంత వస్తుంది?

ఏ ఇద్దరు దొరికారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐదుగురి నుంచి పది జంటలు తీయొచ్చు. వాటి సగటులు 15, 20, 25, 25, 30, 35, 55, 60, 65, 70. ఒక్కటీ 40 కాదు! కానీ ఈ పదింటినీ కలిపి సగటు తీయండి, సరిగ్గా 40 వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. అసలు సమయాలు 10 నుంచి 100 దాకా పరుచుకుంటే, సగటులు 15 నుంచి 70 లోపే సర్దుకున్నాయి. ఘట్‌కేసర్ పెద్దాయన ఎప్పుడు తగిలినా, పక్కనున్న ఇంకొకరు ఆయన వందను కిందికి లాగేస్తున్నారు మరి.

ఈ పది సగటుల పట్టికే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్. డిగ్రీ పిల్లలకు తిరకాసు ఇక్కడే. శాంపిల్ (అడగడానికి ఎంచిన గుంపు) పెద్దదైతే డేటా గుడిగంట ఆకారంలోకి, అంటే మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా సమానంగా దిగేలా, వచ్చేస్తుందని పరీక్షలో రాసేస్తుంటారు. రాదు. నగరంలో వెయ్యి మందిని అడిగినా, ప్రయాణ సమయాల గ్రాఫ్ కుడివైపు తోక సాగే ఉంటుంది. మన ట్రాఫిక్ గణితం మాట వినదు కదా. అలాంటి వెయ్యి మంది గుంపులను మళ్లీ మళ్లీ తీసి, గుంపుకో సగటు చొప్పున గుర్తు పెట్టుకుంటూ పోతే అప్పుడు కనిపిస్తుంది ఆ గంట ఆకారం. ఈ సంగతి చెప్పే సిద్ధాంతం, సెంట్రల్ లిమిట్ థీరమ్, మాట్లాడేది సగటుల గురించి.

మళ్లీ మళ్లీ ఎవరు తీస్తారు? ఎవరూ తీయరు. సర్వేకి డబ్బు ఒక్కసారికే ఉంటుంది. అయినా చేతిలో ఉన్న ఆ ఒక్క శాంపిల్‌తోనే, తీయని శాంపిళ్ల సగటులు ఎంత ఊగిసలాడేవో అంచనా వేయొచ్చు. ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చే ముక్క ఇదే. ప్రామాణిక విచలనాన్ని (ఒక్కొక్కరి సమయం సగటుకు సుమారుగా ఎంత దూరంలో ఉంటుందో చెప్పే అంకెను) శాంపిల్ సైజు వర్గమూలంతో భాగిస్తే చాలు. విచలనం 30 నిమిషాలై, 100 మందిని అడిగితే, ఆ ఊగిసలాట 3 నిమిషాలు. దాన్ని సగం చేయాలంటే 200 మంది సరిపోరు, 400 మంది కావాలి. ఊరి జనాభా ఎంతన్నది మాత్రం దాదాపు లెక్కలోకి రాదు. లాటరీ తీసినట్టు ఎంచిన 1,000 మందితో చేసిన ఎన్నికల సర్వేలో అటూ ఇటూ 3 శాతం తేడా అనేది హైదరాబాద్‌కైనా దేశం మొత్తానికైనా ఒకటే.

సగటు కాకుండా వేరే సూత్రమేదైనా వాడి ఈ ఊగిసలాటను ఇంకా తగ్గించలేమా? దానికి హద్దు గీసింది మన తెలుగువాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి కలకత్తా వెళ్లిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు, పక్షపాతం లేని (మళ్లీ మళ్లీ తీస్తే సగటున అసలు విలువకే వచ్చే) ఏ అంచనా అయినా ఒక స్థాయి కన్నా తక్కువ ఊగడం అసాధ్యమని 1945లో చూపించారు. అదే క్రామర్-రావు హద్దు. డేటా నార్మల్ అయితే, అంటే దానిదే గంట ఆకారం అయితే, మామూలు సగటు సరిగ్గా ఆ హద్దును తాకుతుంది, అంతకన్నా మెరుగైనది వెతకనక్కర్లేదు. ఆయన పేరుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఒక పరిశోధన సంస్థ కూడా ఉంది.

అయితే ఇదంతా మనుషులను యాదృచ్ఛికంగా ఎంచినప్పటి మాట. సాయంత్రం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి దొరికినవాళ్లనల్లా అడిగితే, బైకుల మీద, ఆఫీసు క్యాబుల్లో పోయేవాళ్లు తగలనే తగలరు. అక్కడ 400 మంది బదులు 4,000 మందిని అడిగితే ఊగిసలాట తగ్గుతుంది, నిజమే. సగటు మాత్రం తప్పు చోటే ఇంకా గట్టిగా కూర్చుంటుంది.