ప్రైవేటు ఇంజినీరింగ్ చదువుకు నిజంగా ఎంతవుతుంది? అపోహలు - వాస్తవాలు

పద్నాలుగేళ్లు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. ఫీజు కౌంటర్‌లో కూర్చుని డబ్బు తీసుకోవడం, రసీదు ఇవ్వడం నా పని. ప్రవేశాల రోజుల్లో తల్లిదండ్రులు కొత్త బట్టలు కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. మూడో ఏడాది వచ్చేసరికి అదే తండ్రి ఒక్కడే వచ్చి, కౌంటర్ కిటికీలోకి వంగి, "సార్, ఇంకో పదిరోజులు గడువు ఇప్పించండి, పత్తి అమ్మగానే కట్టేస్తాను" అని గొంతు తగ్గించి అడిగేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చాలా ఇళ్లలో ఈ పరిస్థితికి కారణం ఫీజు అకస్మాత్తుగా పెరగడం కాదు. చేరిన రోజున వేసుకున్న లెక్కలోనే సగం ఖర్చులు లేవు.

ఇప్పుడు ఉద్యోగం మానేశాను. కౌన్సెలింగ్ మొదలైందంటే తెలిసినవాళ్లు పిల్లల ర్యాంకు కార్డులు పట్టుకుని ఇంటికి వస్తారు. వాళ్ల నోట ఏటా వినే అపోహలే ఇవి.

అపోహ: కౌన్సెలింగ్‌లో చూపించిన ఫీజును నాలుగుతో గుణిస్తే మొత్తం ఖర్చు తెలిసిపోతుంది

అక్కడ కనిపించేది ట్యూషన్ ఫీజు. తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ కళాశాలల ఆదాయ వ్యయాలు చూసి మూడేళ్లకోసారి దాన్ని ఖరారు చేస్తాయి. హాస్టల్, మెస్, బస్సు దాని పరిధిలోకి రావు. విశ్వవిద్యాలయం వసూలు చేసే రిజిస్ట్రేషన్ రుసుము, ప్రతి సెమిస్టర్ పరీక్ష ఫీజు వేరు. ప్రాంగణ నియామకాల శిక్షణ పేరుతో మూడో ఏడాదిలో అడిగే మొత్తం వేరు.

ఒకసారి ఒక రైతు, కొడుకు చదువు పూర్తయ్యాక నాలుగేళ్ల రసీదులూ తెచ్చి నా ముందు పెట్టాడు. పురుగుమందుల దుకాణంవాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో, ఏడాదికో కట్టగా రబ్బరు బ్యాండ్లు వేసి భద్రంగా దాచుకున్నాడు. రెండో అబ్బాయిని కూడా ఇంజినీరింగ్‌లో చేర్చాలి, అసలు పెద్దవాడికి ఎంతయిందో కూడి చెప్పమన్నాడు. బల్ల మీద పరిచి రెండు వరుసలుగా విడదీశాం. ట్యూషన్ ఫీజు రసీదులు ఎనిమిది, మొత్తం రెండు లక్షల అరవై వేలు. రెండో వరుసలో నలభైకి పైగా కాగితాలు: హాస్టల్, మెస్ బకాయి, పరీక్షలు, సప్లిమెంటరీలు, శిక్షణ, ప్రాజెక్టు, చివర్లో కాన్వొకేషన్. ఆ వరుస నాలుగు లక్షలు దాటింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చిన్నోణ్ని ఇంటి దగ్గరి కాలేజీలో వేస్తే ఈ రెండో వరుస తగ్గుతుందా సార్?" అని అడిగాడు. తగ్గుతుంది. ఎంతో తగ్గుతుంది. పద్నాలుగేళ్లలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంతకంటే తెలివైనది లేదు.

అందుకే తక్కువ ఫీజు కళాశాలే చవక అనుకోవద్దు. ఉదాహరణకు ఏడాదికి 60,000 ఫీజున్న దూరపు కళాశాలలో హాస్టల్‌కు 90,000 అయితే మొత్తం లక్షన్నర. లక్ష ఫీజున్న దగ్గరి కళాశాలకు ఇంటి నుంచి బస్సులో వెళ్తే, బస్సు 30,000 వేసుకున్నా లక్షా ముప్ఫై వేలు. నాలుగేళ్లలో 80,000 తేడా, అదీ ఎక్కువ ఫీజున్న కళాశాలలో చదివి. ప్రతి ఇంటికీ లెక్క ఇలాగే తేలాలని లేదు. రోజుకు మూడు గంటలు బస్సులో గడిపే పిల్లల అలసటను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కానీ ఈ కూడిక చేయకుండా మాత్రం కౌన్సెలింగ్‌లో కళాశాలల ఆప్షన్లు పెట్టకండి.

అపోహ: ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి మన జేబులోంచి పైసా పెట్టక్కర్లేదు

ఈ పథకం లేకపోతే ఇంజినీరింగ్ గడప తొక్కలేని పిల్లలు వేలల్లో ఉన్నారు. దాని విలువ నాకు తెలుసు. కానీ అది ఎవరికి, ఎంత వస్తుందో సరిగా చదువుకోకపోతే దెబ్బతినేది కూడా ఆ పిల్లలే.

మొదటిది, ఆదాయ పరిమితి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాదికి రెండు లక్షలు. బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన తరగతులకు) గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. రెండోది, ఎంత వస్తుందన్నది. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థి ర్యాంకు పది వేలు దాటితే, కొన్ని మినహాయింపులు పోను, ప్రభుత్వం ఇచ్చేది 35,000 వరకే. కళాశాల ఫీజు 95,000 అయితే మిగిలిన 60,000 ఏటా మీరే కట్టాలి. నాలుగేళ్లకు రెండు లక్షల నలభై వేలు. "రీయింబర్స్‌మెంట్ సీటు" అనే మాట విని ఈ రెండు లక్షల నలభై వేలను మరిచిపోయిన కుటుంబాలను నేను చాలానే చూశాను.

మూడోది, సీటు ఎలా వచ్చిందన్నది. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి సీటు వస్తేనే ఈ పథకం. యాజమాన్యం నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకూ, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు కళాశాలలోనే జరిపే స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. కన్వీనర్ కోటాలో తనకు నచ్చిన బ్రాంచి రాలేదని ఆ సీటు వదిలేసి, అదే కళాశాలలో స్పాట్‌లో చేరిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. బ్రాంచి దొరికింది. రీయింబర్స్‌మెంట్ పోయిందన్న సంగతి వాళ్ల నాన్నకు రెండో సెమిస్టర్‌లో మేము ఫోను చేసినప్పుడు గానీ తెలియలేదు. ఆ ఫోను చేసింది నేనే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఆలస్యం. డబ్బు మంజూరు కావడం వేరు, కళాశాల ఖాతాలో పడటం వేరు. బకాయిలు విడుదల చేయాలని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు ఏకంగా మూసివేతకు దిగాయి. అలాంటి సమయాల్లో యాజమాన్యాలు, "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక వెనక్కి ఇస్తాం" అంటాయి. అలా కట్టాల్సి వస్తే ఆ మాటను రాతలో తీసుకోండి. రసీదు మీద ఏ సంవత్సరపు రీయింబర్స్‌మెంట్‌కు బదులుగా కట్టారో రాయించుకోండి. అది లేకపోతే రెండేళ్ల తర్వాత డబ్బు వచ్చినప్పుడు ఏది దేనికి కట్టారో తేల్చడం మా అకౌంట్స్ వాళ్లకే కష్టమయ్యేది.

దరఖాస్తును ఏటా రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. ఈ రెండూ పిల్లవాడి చేతిలోని పనులు. తల్లిదండ్రులు గుర్తు చేస్తే చాలు.

అపోహ: డొనేషన్ కడితే అదీ ఫీజులో భాగమే, అందరూ కడుతున్నదే

కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే క్యాపిటేషన్ ఫీజును, అంటే ఖరారైన ఫీజుకు మించి సీటు కోసం తీసుకునే డబ్బును, నిషేధిస్తూ చట్టం వచ్చింది. సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులోనూ, 2005లో ఇనాందార్ కేసులోనూ ప్రైవేటు కళాశాలలకు స్వేచ్ఛ ఇస్తూనే క్యాపిటేషన్ ఫీజు కూడదని చెప్పింది. 2003 నాటి ఇస్లామిక్ అకాడమీ తీర్పు ప్రకారం ఒక ఏడాది లేదా సెమిస్టర్ ఫీజుకు మించి ముందుగా వసూలు చేయకూడదు. నాలుగేళ్ల ఫీజు ఒకేసారి కట్టమని అడిగినవాళ్లకు ఈ తీర్పు పేరు చెప్పండి.

చట్టం సంగతి అటుంచి డబ్బు కోణం నుంచే చూద్దాం. రసీదు లేని డబ్బుకు బ్యాంకు రుణం రాదు. మేనేజ్‌మెంట్ కోటా సీటైనా, భారతీయ బ్యాంకుల సంఘం (ఐబీఏ) నమూనా విద్యారుణ పథకం కింద ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆమోదించిన ఫీజు మేరకే రుణం లెక్కిస్తారు. సీటు రద్దు చేసుకుంటే ఆ డబ్బు వెనక్కి అడగడానికి చేతిలో కాగితం ఉండదు. ఆదాయపు పన్ను పాత విధానంలో ట్యూషన్ ఫీజుకు ఉన్న మినహాయింపు డొనేషన్‌కు వర్తించదు. అంటే ఇంట్లో అమ్ముకున్న పొలం డబ్బు ఏ లెక్కలోనూ లేకుండా పోతుంది.

అపోహ: ఏటా ఫీజు పెంచేస్తారు

కమిటీ పరిధిలోని కళాశాలల్లో మీ అబ్బాయి చేరిన ఏడాది ఖరారైన ట్యూషన్ ఫీజే అతని కోర్సు పూర్తయ్యేదాకా వర్తించాలి. తర్వాతి బ్యాచ్‌కు పెరిగినా పాత బ్యాచ్‌ను అడగకూడదు. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు వేరు, వాటి ఫీజును ఈ కమిటీ ఖరారు చేయదు. హాస్టల్, బస్సు ఎక్కడైనా పెరుగుతాయి.

అపోహ: విద్యారుణానికి చదువు అయ్యేదాకా వడ్డీ ఉండదు

ఈ ఒక్కదాని దగ్గర కాసేపు ఆగి, కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

చదువుకాలం, ఆపైన మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదన్నది నిజమే. ఆ విరామం వాయిదాలకే, ప్రభుత్వ వడ్డీ రాయితీ ఉంటే తప్ప వడ్డీకి విరామం లేదు. ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లలో ఆరు లక్షలు తీసుకున్నారనుకుందాం, వడ్డీ పది శాతం. మొదటి ఏడాది తీసుకున్న లక్షన్నర మీద ఐదేళ్లు వడ్డీ నడుస్తుంది: 75,000. రెండో విడత మీద నాలుగేళ్లు: 60,000. మూడో దాని మీద 45,000, నాలుగో దాని మీద 30,000. ఇది సాధారణ వడ్డీయే, మొత్తం రెండు లక్షల పది వేలు. వాయిదాలు మొదలయ్యే రోజుకు అది అసలులో కలుస్తుంది. అప్పు ఆరు లక్షలు కాదు, ఎనిమిది లక్షల పది వేలు.

దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700. పదేళ్లకు కట్టేది పన్నెండు లక్షల ఎనభై నాలుగు వేలు.

ఇప్పుడు రెండో దారి. చదువు సాగుతున్నప్పుడే వడ్డీ వరకు కడుతూ వస్తే మొదటి ఏడాది నెలకు 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత రెండేళ్లు 5,000. అప్పుడు వాయిదాలు ఆరు లక్షల మీదే మొదలవుతాయి, నెలకు 7,930 దాకా. అన్నీ కలిపితే పదకొండు లక్షల అరవై ఒక్క వేలు. లక్షా ఇరవై మూడు వేలు మిగులుతాయి. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లవాడి జీతం మీద నెలకు సుమారు 2,800 భారం తగ్గుతుంది. మొదటి ఏడాది నెలకు 1,250 కట్టగలిగిన ఇళ్లు చాలానే ఉంటాయి. కట్టొచ్చని చెప్పేవాళ్లే తక్కువ.

నాలుగు లక్షల లోపు రుణానికి మీ వాటా పెట్టనక్కర్లేదు. అది దాటితే దేశంలో చదువుకు ఐదు శాతం పెట్టాలి. ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ హామీ పథకం కింద తాకట్టు లేకుండా ఇస్తారు. కాబట్టి ఆ లోపు రుణానికి ఇంటి పత్రాలు తెమ్మంటే ఎందుకో అడగండి. కట్టిన వడ్డీకి ఆదాయపు పన్ను పాత విధానంలో ఎనిమిదేళ్లు మినహాయింపు ఉంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మిలో, ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ అది ఎంపిక చేసిన సంస్థలకే. మీ కళాశాల ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోండి.

అపోహ: ఒకసారి ఫీజు కట్టాక వెనక్కి రాదు, సర్టిఫికెట్లు కళాశాల దగ్గరే ఉండాలి

ఈ భయంతోనే మంచి సీటు వచ్చినా పాత కళాశాలలో ఉండిపోయిన పిల్లలున్నారు. తరగతులు మొదలవకముందే మానుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించుకుని మిగతాది తిరిగివ్వాలని అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) ఎప్పటినుంచో చెబుతోంది. విశ్వవిద్యాలయాలకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 అక్టోబరులో స్పష్టమైన పట్టిక ఇచ్చింది: ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు, అంతకంటే ముందే మానుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ రుసుము పోను మొత్తం ఫీజు, ఆ తర్వాత చివరి తేదీ వరకు 90 శాతం. తేదీ దాటాక పదిహేను రోజుల్లో 80, నెలలోపు 50, నెల దాటితే సున్నా. అసలు సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర పెట్టుకోకూడదు.

నోటిమాటగా అడిగితే పని జరగదు. ఏ తేదీన మానుకుంటున్నారో రాసి, దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాగితంతో వచ్చినవారి దరఖాస్తు మా బల్ల మీద ఎప్పుడూ ముందు కదిలేది.

అపోహ: నాలుగేళ్ల కోర్సుకు నాలుగేళ్ల ఖర్చే

హాజరు 65 శాతానికి తగ్గినా, క్రెడిట్లు (పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్లు) చాలకపోయినా ఏడాది ఆగిపోవాల్సి వస్తుంది. ఆ ఐదో ఏడాది హాస్టల్, మెస్ పూర్తిగా మీ మీదే పడతాయి. ఒకే సంవత్సరానికి రీయింబర్స్‌మెంట్ రెండోసారి రాదు. రుణం మీద వడ్డీ మరో ఏడాది నడుస్తుంది. మొదటి సెమిస్టర్‌లో గణితం పోయినప్పుడే పిల్లవాడితో కూర్చుని మాట్లాడండి, కోప్పడకుండా. తప్పిన సబ్జెక్టులు ఇంట్లో చెప్పలేక, సప్లిమెంటరీ ఫీజు స్నేహితుల దగ్గర అప్పు చేసి కట్టిన పిల్లలను కౌంటర్‌లోంచి చూశాను. చిల్లర నోట్లు లెక్కపెడుతున్నప్పుడు వాళ్ల వేళ్లు వణికేవి.

మూడో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్ కూడా ఉంటుంది. జీతం ఇవ్వని ఇంటర్న్‌షిప్ అయితే నగరంలో రెండు నెలల గది అద్దె, భోజనం మీరే పెట్టుకోవాలి. దీన్ని ముందే లెక్కలో వేసుకున్న కుటుంబం నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఈసారి ఆప్షన్లు పెట్టేముందు ఆ కళాశాలకు ఒక పనిదినం నాడు వెళ్లండి. అకౌంట్స్ విభాగంలో నాలుగేళ్లకు కట్టాల్సినవన్నీ, హాస్టల్ సహా, ఒక కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. బయటికి వచ్చాక గేటు దగ్గర నాలుగో ఏడాది విద్యార్థి ఎవరైనా కనిపిస్తే ఆ కాగితం చూపించి, ఇందులో లేనివి ఏమిటి బాబూ అని అడగండి.